పాషాణకూపపు ఖైదీలు

కాంస్యపురానికి ఉత్తరాన నల్లకొండలు ఏనుగుల మందలా ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలిచి ఉంటాయి. వాటి నడుమ గడ్డిపోచ కూడా మొలవని బోడికొండ ఒకటి ఉంది. ఆ కొండ కడుపు తొలిచి కట్టిన చెరసాల పేరు పాషాణకూపం. దానికి ప్రాకారం లేదు, బురుజు లేదు, సింహద్వారం లేదు. కొండ నెత్తిన ఒక మహాకూపం నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. ఆ నూతి గోడను చుట్టుకుంటూ కొండచిలువలా మెట్లు దిగుతాయి. మెట్ల పొడుగునా తేనెపట్టు గదుల్లా కొట్లు, ప్రతి కొట్టుకూ మనిషి ముంజేతి లావు ఇనుప కటకటాలు. అట్టడుగున సూర్యుడి వెలుగు ఎన్నడూ తాకని నీళ్ళు కాటుకలా నల్లగా నిలిచి ఉంటాయి. కొండను చుట్టి పారే చంద్రవతీ నది ఎగువన ఒక తూము గుండా ఆ నూతిలోకి వస్తుంది, దిగువన ఒక నీటివాకిలి గుండా మళ్ళీ నదిలోకే పోతుంది.

ఆ చెరసాల కట్టించినవాడు ఉగ్రకేతు మహారాజు. నవ్వినవాడిని నవ్వినందుకూ, ఏడ్చినవాడిని ఏడ్చినందుకూ అందులో వేయించాడు. ఒక శ్రావణంలో చంద్రవతికి కనీవినీ ఎరుగని వరద వచ్చింది. నీళ్ళు కొట్లలోకి ఎక్కుతున్నాయి, తలుపులు తీయమంటారా అని కావలివాళ్ళు రౌతును పంపి అడిగారు. మహారాజు ఆ వేళ నాట్యం చూస్తున్నాడు. మధ్యలో లేవడం ఇష్టం లేక, తెల్లవారాక చూద్దామన్నాడు. తెల్లవారేసరికి చూడడానికి ఎవరూ మిగల్లేదు. కావలివాళ్ళు తాళంచెవులు నదిలో పారేసి దేశాలు పట్టిపోయారు. అప్పటినుంచి పాషాణకూపం పాడుపడింది. రాత్రిపూట ఆ దారిన పోయేవాళ్ళకు నూతిలోంచి ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు వినిపించేది.

ఉగ్రకేతు పోయాడు. అతని కొడుకు సోమకేతు మహారాజు మెత్తనివాడు, రోగిష్టివాడు. అలాంటి రాజు పక్కన ఉలూకనాథుడనే మాంత్రికుడు రాజగురువై కూర్చున్నాడు. పాషాణకూపంలోని ప్రేతాలు ఆకలిగొని ఉన్నాయనీ, అమావాస్య అమావాస్యకూ ఒక మనిషిని ఇవ్వకపోతే నగరాన్నే మింగేస్తాయనీ అతను చెప్పాడు. రాజు నమ్మాడు. అమావాస్య రోజు పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి వీధుల్లో నడిపిస్తారు. వేరే దేశాల్లో రాజును ఎన్నుకోవడానికి అలా చేస్తారని కథలుగా చెప్పుకుంటారు. కాంస్యపురంలో మాత్రం ఏనుగు ఎవరి మెడలో దండ వేస్తే వాళ్ళను చీకటిపడ్డాక పాషాణకూపంలోకి దింపి వచ్చేవారు. దిగినవాళ్ళు తిరిగి రాలేదు.

కిందటి అమావాస్యకు ఆ దండ కొమరన్న మెడలో పడింది.

కొమరన్న అడవి అంచున ఏనుగులు పట్టి మచ్చిక చేసే ఇంటివాడు. ప్రతిసారీ దండ పేదవాడి మెడే వెతుక్కుంటుందేమని సంతలో నలుగురి ఎదుటా అడిగినవాడు అతనొక్కడే. అడిగిన పక్షానికే ఏనుగు అతని ముందు ఆగింది. ఆ రోజు అందరూ ఏనుగు తొండాన్ని చూశారు. అతని చెల్లెలు కేతకి మాత్రం మావటి కాలిని చూసింది. అన్న ముందుకు రాగానే మావటి బొటనవేలు ఏనుగు చెవి వెనక గట్టిగా అదిమింది. ఏనుగు మోకరిల్లి దండ వేసింది. ఇది మోసమని కేతకి గొంతు చించుకుంది. భేరీల మోతలో ఆమె మాట పక్కనున్నవాడికి కూడా వినపడలేదు.

నెల తిరిగింది. ఈ అమావాస్యకు ఆమె అరవదలుచుకోలేదు. పొద్దు వాలకముందే ఏనుగులను పట్టే ఉచ్చుతాడు భుజాన చుట్టుకుని, నడుముకు కత్తి దోపుకుని, బోడికొండను వెనకవైపు నుంచి ఎక్కింది. తన అన్నను మింగింది దయ్యమైతే దయ్యాన్నీ, మనిషైతే మనిషినీ మెడకు ఉచ్చు వేసి సంతలోకి ఈడ్చుకుపోవాలన్నది ఆమె పంతం.

నూతి అంచు చేరేసరికి చీకటి చిక్కబడింది. రాతి అంచున ఎవరో బోర్లా పడుకుని లోపలికి తొంగిచూస్తున్నారు. కేతకి క్షణం ఆలోచించలేదు. తాడు గాలిలో ఒక్క చుట్టు తిరిగి ఆ ఆకారం భుజాల మీద పడింది. ఆమె లాగింది. అవతలివాడు దొర్లాడు, లేచాడు, తాడును చేతికి చుట్టుకుని తానూ లాగాడు. ఇద్దరూ నూతి అంచున పెనుగులాడారు. ఒక రాయి కాలికింద జారి నూతిలోకి పడింది. అది నీళ్ళను తాకిన చప్పుడు ఎంతకీ రాకపోయేసరికి ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

"బతికున్నవాడివేనా?" అంది కేతకి.

"తాడు కాస్త వదిలితే ఇంకొన్నాళ్ళు బతుకుతాను," అన్నాడు అతను.

తన పేరు చెన్నడనీ, కోటలో గుర్రాలు చూసుకుంటాననీ, ఈ దయ్యాల సంగతి కళ్ళారా చూద్దామని వచ్చాననీ చెప్పుకున్నాడు. ఒంటిమీద గుర్రపువాడి గొంగళి ఉంది కాని దాని కింద కత్తి ఒర వెండిదిలా మెరిసింది. కేతకి అది గమనించింది, ఏదో దొంగసొత్తు అనుకుని ఊరుకుంది. ఎందుకొచ్చావని అతను అడిగితే అన్న సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. చెన్నడు తల వంచుకున్నాడు.

ఇంతలో కొండ కింద దివిటీలు కనిపించాయి. ఇద్దరూ బండ చాటుకు తప్పుకున్నారు. భటుల నాయకుడు కంటకుడు ముందు నడుస్తున్నాడు, భేరీ మోగుతోంది. నడుమ, మెడలో వాడిన దండతో, బసవయ్య అనే సాలెవాడు నడవలేక నడుస్తున్నాడు. అతన్ని బుట్టలో కూర్చోబెట్టి తాళ్ళతో నూతి అడుగుకు దింపారు. బుట్ట పైకి వచ్చాక భటులు వెనక్కి చూడకుండా దిగిపోయారు. వాళ్ళ దివిటీలు మలుపు తిరిగే లోపలే కేతకి మెట్ల మీద ఉంది.

మెట్లు నాచుపట్టి చేపవీపులా జారుతున్నాయి. చెన్నడు చిన్న కాగడా వెలిగించాడు. ఆ వెలుగులో కొట్లు ఒకటొకటే కళ్ళు తెరిచినట్టు కనిపించాయి. ఒక కొట్టులో గోడ నిండా గోళ్ళతో గీసిన గీతలు. ఒకదాంట్లో కటకటాలను పట్టుకున్నట్టే ఉండిపోయిన చేతి ఎముకలు. ఇంకోదాంట్లో పైకప్పుకు ఆనుకుని, చివరి జానెడు గాలి కోసం ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి చనిపోయినవాళ్ళ అస్థిపంజరాల గుట్ట. కేతకి అక్కడ ఆగింది. భయం వేస్తుందేమో అనుకుంది. భయం రాలేదు, పళ్ళు బిగుసుకున్నాయి.

సగం దూరం దిగారో లేదో కాగడా మంట నీలంగా మారింది. కింద నుంచి చలి పొగలా లేచింది. ఎక్కడో ఒక సంకెల కదిలింది. దానికి బదులుగా ఇంకొకటి కదిలింది. ఆ చప్పుడు మెట్టు మెట్టుకూ పాకి, చివరికి కొండంతా ఒకే సంకెలలా మోగింది. కటకటాల వెనక మసకమసకగా మొహాలు లేచాయి. ఒక్కొక్క మొహం నుంచీ నీళ్ళు కారుతున్నాయి. చెన్నడు కత్తి దూశాడు. కేతకి అతన్ని పక్కకు తోసి ఉచ్చు విసిరింది. ఉచ్చు ఎదుటి ఆకారం మెడలోంచి పొగలోంచి వచ్చినట్టు వచ్చేసింది.

"తాడుతో పట్టుకోవడానికి మాకేం మిగిలిందే," అంది ఒక ఆడగొంతు.

కొట్టులోంచి ముసలమ్మ ఒకతె మెట్ల మీదికి వచ్చింది. కటకటాలు ఆమెకు అడ్డం రాలేదు. నడుముకు చీర బిగించి కట్టుకుంది, జుట్టు నెత్తిన ముడి వేసుకుంది, చేతులు మోచేతుల దాకా తడి. కేతకి వెనక్కి తగ్గలేదు. మా అన్నను ఎందుకు తిన్నారని అడిగింది. ఆ మాట వినగానే నూతిలోని సంకెళ్ళ చప్పుడంతా టక్కున ఆగిపోయింది.

ముసలమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది. తన పేరు పుల్లమ్మ అనీ, తాను మంత్రసానిననీ చెప్పింది. రాణిగారికి కవలలు పుడితే ఒక బిడ్డ ప్రాణం లేకుండానే పుట్టింది. ఉగ్రకేతు ఆ నింద మంత్రసాని మీద వేసి పాషాణకూపంలో వేయించాడు. ఇక్కడ ఉన్న ఏ ఒక్కరి కథా దీనికి భిన్నం కాదు. రాజు వీధిలో పోతుంటే తుమ్మినవాడున్నాడు. పన్నుకు గింజలు లేవన్నవాడున్నాడు. చెప్పేకొద్దీ ఆమె గొంతు నీళ్ళలోంచి కత్తి తీసినట్టు పైకి లేచింది.

"చేయని నేరానికి బతికుండగా చెరలో పెట్టారు. అక్కడితో పోలేదు. చచ్చాక కూడా చేయని నేరం మా నెత్తినే. మేం మనుషుల్ని తింటున్నామంట. మేం తిన్నది నీళ్ళేనమ్మా, కడుపునిండా నీళ్ళు. నీ అన్నను మేం ముట్టలేదు."

ఆమె మాట్లాడుతూనే చెన్నడి దగ్గరకు వచ్చింది. తడిచేతితో అతని తలపాగా పక్కకు జరిపి చెవిని చూసింది. ఆ చెవి తమ్మె చివర చిన్న చీలిక ఉంది, పుట్టుకతో వచ్చినది.

"ఈ చెవి నాకు తెలుసు. మీ నాయన పుట్టినప్పుడు ఇలాంటి చెవినే ఈ చేతుల్తో కడిగాను. నువ్వు సోమకేతు కొడుకువి."

కొట్లన్నీ ఒక్కసారి గర్జించాయి. కాగడా ఆరిపోయింది. పొగలాంటి చేతులు నూరు వైపుల నుంచి అతని మీదికి వచ్చాయి, గొంతు దాకా వచ్చి, పట్టుకునే బలం లేక జారిపోయాయి. కాని ఆ చలికే అతను మోకాళ్ళ మీద కూలాడు. పుల్లమ్మ చేయెత్తి వాళ్ళను ఆపింది. ఆ నీలి మసకలో కేతకి అతన్నే చూస్తోంది.

అతను ఇక దాచలేదు. తాను యువరాజు అరిందముణ్ణని చెప్పాడు. తండ్రి మంచం పట్టాడనీ, ఉలూకనాథుడు ఇచ్చే మందుతో రోజుకింత మతి తప్పుతున్నాడనీ, ఈ బలుల వెనక ఏదో మోసం ఉందని అనుమానం వచ్చి నిజం తేల్చుకోవడానికి మారువేషంలో వచ్చాననీ చెప్పాడు.

"అనుమానం ఎప్పుడొచ్చింది?" అంది కేతకి.

"కిందటి ఏడు."

"మా అన్న మెడలో దండ పడ్డ రోజు నువ్వెక్కడున్నావు?"

మేడ మీద తండ్రి పక్కన నిలబడి ఉన్నానన్నాడు.

"అంటే చూశావు. అనుమానం ఉంది, కళ్ళున్నాయి, నడుముకు కత్తి ఉంది. చూస్తూ నిలబడ్డావు. యువరాజువి కాబట్టి ఇప్పుడు నిన్ను తమరూ ఏలినవారూ అనాలి కాబోలు. నేననను. నువ్వు అనే అంటాను. అది కూడా నీకు ఎక్కువే."

కేతకి ఇంకా ఏదో అనబోతుండగా అడుగున నీళ్ళు కదిలాయి. పుల్లమ్మ కిందికి వేలు చూపించింది. మా పేరు పెట్టుకుని తిరిగేవాళ్ళు వస్తున్నారు, చూడండి అంది.

దిగువన నీటివాకిలి ఇనుప తలుపు కిర్రుమని పైకి లేచింది. ఆ సందులోంచి పొడవాటి పడవ ఒకటి లోపలికి వచ్చింది. దాంట్లో ఉన్నవాళ్ళ మొహాలకు పుర్రెల ముసుగులు, ఒంటినిండా బూడిద, దాని మీద చీకట్లో వెలిగే ఏదో పసరు. వాళ్ళు దయ్యాల్లా ఊళలు పెడుతూ, మెట్టు మీద ముడుచుకుని పడి ఉన్న బసవయ్యను మూట కట్టినట్టు కట్టి పడవలో పడేశారు. పడవ ముక్కు దగ్గర నిలబడి అజమాయిషీ చేస్తున్న భారీ మనిషి ముసుగు వేసుకోలేదు. వాడు కంటకుడు. భేరీతో బలిని పైనుంచి దింపిన చేతులే కొండ చుట్టి వచ్చి కింద నుంచి ఎత్తుకుపోతున్నాయి.

కేతకి కాలికింద మెట్లు లేనట్టే దిగింది. అరిందముడు ఆమె వెనకే దూకాడు. పడవ వెనక్కి తిరుగుతోంది. ఒడ్డున ఇంకా ఇద్దరు ముసుగువాళ్ళున్నారు. కేతకి ఉచ్చు మొదటివాడి మెడలో పడి వాడు వెల్లకిలా పడ్డాడు. రెండోవాడు బల్లెం ఎత్తాడు, అరిందముడు దాన్ని కత్తితో రెండుగా నరికి వాడి గుండె మీద మోకాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడు నూతి అంచు నుంచి గుడ్లగూబ ఒకటి రెక్కలు చాచి దిగింది. దాని మొహంలో మనిషి కళ్ళున్నాయి. అది వాళ్ళ తలల మీద ఒక చుట్టు తిరిగి, పండుముసలి గొంతుతో, "ఎవరో ఉన్నారు, ముంచెయ్," అని పైకి ఎగిరిపోయింది. ఉలూకనాథుడు ఎక్కడ కూర్చున్నా రాజ్యమంతా చూస్తాడని జనం అనుకునేది అందుకే.

కంటకుడు తన మనుషులిద్దరూ ఇంకా లోపల ఉన్నారని చూశాడు. చూసి కూడా పడవను బయటికి తోయించి, ఇనుప తలుపు గొలుసు వదిలేశాడు. తలుపు దబ్బున నీళ్ళలోకి దిగింది. మరుక్షణం, గుడ్లగూబ మాట విన్న అతని మనుషులు ఎగువ తూము పూర్తిగా తెరిచారు. చంద్రవతి మదపుటేనుగులా లోపలికి దూకింది.

ముసుగువాళ్ళిద్దరూ తలుపు మీద పడి గుద్దారు, తమ నాయకుణ్ణి పేరు పెట్టి పిలిచారు. ఎవరూ పలకలేదు. కేతకి ఒకడి ముసుగు లాగి పారేసి, నెత్తురు కారేలా జుట్టు పట్టుకుని అన్న ఏమయ్యాడని అడిగింది. వాడు అంతా కక్కాడు. ఎత్తుకుపోయినవాళ్ళను చంపరట. నది సముద్రంలో కలిసే చోట కంకాళద్వీపం ఉంది, దాని కింద ఉలూకనాథుడి వజ్రాల గని ఉంది. అక్కడ దిగినవాళ్ళకు ఒక కషాయం పోస్తారు. అది తాగినవాడు తన పేరు మరిచిపోతాడు, తవ్వమంటే తవ్వుతాడు. కొమరన్న కూడా అక్కడే, పేరు లేకుండా తవ్వుతూ ఉన్నాడు.

బతికే ఉన్నాడు. ఆ మాట విన్నాక కేతకి వాడి జుట్టు వదిలింది. అప్పటికి నీళ్ళు ఆమె నడుము దాటాయి.

మెట్లెక్కి పారిపోదామంటే తూము నుంచి దూకే నీళ్ళు మెట్లను కోసేస్తున్నాయి. ఒక చుట్టు ఎక్కేసరికి పై చుట్టు విరిగి పడింది. కింద నలుగురు బతికున్నవాళ్ళు, చుట్టూ చచ్చినవాళ్ళు. కటకటాల వెనక ఖైదీలు మళ్ళీ ఆ పాత వరదను చూస్తున్నట్టు గోలపెడుతున్నారు. ఈ తలుపు పగలగొట్టలేరా అని అరిందముడు పుల్లమ్మను అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గోడల్లోంచి పోగలం కాని శిక్ష మా మీద ఉన్నంతకాలం చేతికి బలం రాదు, ఈ కొండ దాటలేం అంది. శిక్ష వేసిన వంశపు నోటినుంచే విడుదల రావాలట.

అరిందముడు నీళ్ళలో నిలబడి చేయి పైకెత్తాడు. కొలువులో నేర్చుకున్న మాటలే అతని నోట వచ్చాయి. కాంస్యపుర యువరాజునైన నేను పాషాణకూపంలోని ఖైదీలందరి అపరాధాలనూ క్షమించాను, విడిచిపెట్టాను అన్నాడు.

కొండ పగిలిందా అన్నంత గర్జన లేచింది. తలుపు కదల్లేదు. పుల్లమ్మ అతని మొహంలోకి వంగింది.

"క్షమించడానికి నువ్వెవడివిరా? మేం చేసిన అపరాధమేంటి? ఒక్కటి చెప్పు."

నీళ్ళు మెడ దాకా వచ్చాయి. కేతకి ఉచ్చుతాడును పైనున్న కటకటాలకు విసిరి, ఒక చేత్తో దాన్నీ ఇంకో చేత్తో అతని గొంగళినీ పట్టుకుని వేలాడుతోంది. వదిలేస్తే పోతాడు. వదలాలనిపించింది కూడా. అతని చెవి దగ్గర నోరు పెట్టి, రాజులా కాదు, తప్పు చేసినవాడిలా మాట్లాడు అంది.

అరిందముడు నోట్లోకి వచ్చిన నీళ్ళు ఉమ్మేశాడు. ఈసారి చేయి ఎత్తలేదు. "మీరు ఏ తప్పూ చేయలేదు. మా తాత చేశాడు. అది తెలిసి మా నాయన నోరు మూసుకున్నాడు. ఏనుగు దండ వేస్తుంటే చూస్తూ నేను నిలబడ్డాను. తప్పంతా మాది. మీ మీద శిక్ష ఏనాడూ న్యాయం కాదు. మీకిష్టమైన చోటికి పోండి. మమ్మల్ని మీరు క్షమించనక్కర్లేదు."

మొదట ఒక సంకెల తెగింది. తరువాత వర్షం కురిసినట్టు కొండంతా సంకెళ్ళు రాలాయి. కటకటాలు పళ్ళూడినట్టు ఊడి నీళ్ళలో పడ్డాయి. ఆ మసక చేతులకు ఎముకా కండా వచ్చాయి. తుమ్మినందుకు చెరపడ్డవాడు, గింజలు లేవన్నవాడు, పేరు తెలియనివాళ్ళు, అందరూ కలిసి నీటివాకిలి మీద పడ్డారు. ఎన్నేళ్ళ కోపమో ఆ భుజాల్లో ఉంది. ఇనుప తలుపు తాటాకులా చిరిగిపోయింది.

పుల్లమ్మ నీళ్ళ మీద నిలబడి ఉంది. ఇక ఏ లోకానికి పోతారని కేతకి అడిగింది. లోకాల సంగతి తరువాత, ముందు నగరానికి పోతాం అంది పుల్లమ్మ. అరిందముడు అందులోని అర్థం గ్రహించాడు. మా నాయన రోగి, అతన్ని ఏం చేస్తారని బతిమాలుతున్నట్టు అడిగాడు.

"నేను మంత్రసానిని. నేను పురుడు పోసిన బిడ్డను నేనే చంపితే మీ తాత వేసిన నింద నిజమవుతుంది. నేను చంపను. మిగతావాళ్ళ మాట నాకు తెలీదు. వాళ్ళకు నేను చెప్పేదేముంది?"

ఆ మాట పూర్తయ్యేలోపల వరద బతికున్న నలుగురినీ గడ్డిపరకల్లా ఎత్తి వాకిలిలోంచి బయటికి విసిరేసింది. ముసుగువాళ్ళిద్దరూ ఒడ్డుకు కొట్టుకుపోయి, లేచి, కోట వైపు కాక అడవి వైపు పరుగెత్తారు. వాళ్ళ పుర్రె ముసుగులు నీళ్ళలో తేలుతున్నాయి. కేతకి ఒకటి అందుకుని తొడుక్కుంది, రెండోది తొడుక్కోమని అరిందముడి మొహాన కొట్టింది. ముందు, నది మలుపులో కంటకుడి పడవ కనిపిస్తోంది. వరద తోపుకు అది బొంగరంలా తిరుగుతోంది. ఆమె తాడు దాని వెనక కొయ్యకు పడింది.

ఇద్దరూ ముసుగులతో పడవ అంచెక్కి లోపల పడ్డారు. కంటకుడు తిరిగి చూశాడు. చీకట్లో ముసుగులు చూసి తన మనుషులే అనుకున్నాడు. "చచ్చారనుకున్నానే. సరే, కూర్చుని తెడ్డు వెయ్యండి," అని మళ్ళీ ముందుకు తిరిగాడు. బసవయ్య వాళ్ళ కాళ్ళ దగ్గర కట్టుబడి పడి ఉన్నాడు. కేతకి కాలితో అతని చేతిని మెల్లిగా నొక్కింది. అతనికి ఏమీ అర్థం కాలేదు.

నది వెడల్పవుతోంది, ఉప్పుగాలి తగులుతోంది. అప్పుడు వెనక, దూరాన, కాంస్యపురం మీద దీపాలు ఆరిపోవడం మొదలైంది. ముందు ఉత్తరపు వీధి, తరువాత సంత, తరువాత కోట గోడ. ఒక గంట మోగింది. నగరంలోని గంటలన్నీ దానితో గొంతు కలిపాయి. గాలిలో ఏడుపులు కాదు, అరుపులు తేలివచ్చాయి. కంటకుడు లేచి నిలబడ్డాడు. ఉలూకనాథుడు ఆ రాత్రి రాజు మంచం పక్కనే ఉన్నాడు. గురువుకు ఏదైనా అయితే తన బతుకు కుక్క కూడా ముట్టదని వాడికి తెలుసు. పడవ తిప్పండి, కోటకు పోవాలి అన్నాడు.

తెడ్లు ఆగాయి. కేతకి చేయి కత్తి మీదికి పోయింది. పడవ తిరిగితే కంకాళద్వీపం లేదు, అన్న లేడు. ఆమె కంటకుణ్ణి చూడడం లేదు, పక్కనున్న ముసుగును చూస్తోంది. తండ్రి ఉన్న కోట అటు ఉంది. ఈ మనిషి అటే తిప్పమంటాడు. ఆ మాట అతని నోట రాగానే కత్తి మొదట ఎక్కడ దిగాలో ఆమె తేల్చుకుంది.

అరిందముడు లేచాడు. కంటకుడు చుక్కాని వైపు వంగుతుండగా వెనక నుంచి వాడి నడుము పట్టుకున్నాడు. కంటకుడు ఎలుగుబంటిలా విదిలించి, ఇనుపగద ఎత్తాడు. గద అరిందముడి భుజాన్ని తాకి, పడవ అంచును పిండి చేసింది. రెండో దెబ్బ తల మీదికి వస్తుండగా కేతకి ఉచ్చు కంటకుడి చీలమండకు బిగిసింది. ఆమె లాగింది, అరిందముడు మోచేత్తో పొడిచాడు. కంటకుడు గదతో సహా నదిలో పడ్డాడు. గద బరువు వాణ్ణి మళ్ళీ పైకి రానివ్వలేదు.

అరిందముడు ముసుగు తీసేశాడు. తెడ్లు వేసేవాళ్ళు యువరాజును గుర్తుపట్టి రాళ్ళలా అయిపోయారు. పడవ తిప్పొద్దు, ద్వీపానికే పోనివ్వండి అన్నాడు. గుడ్లగూబ పడవ మీదుగా దూసుకుపోయి, వాళ్ళ కన్నా ముందు కంకాళద్వీపం వైపు చీకట్లో కలిసిపోయింది. అక్కడ తమ కోసం ఇక ఏమి సిద్ధమవుతుందో ఊహించడం కష్టం కాదు. కేతకి బసవయ్య కట్లు కోసింది.

అరిందముడు వెనక్కి చూస్తూ నిలబడ్డాడు. కోటలో ఇక ఒక్క దీపం కూడా లేదు. దెబ్బ తగిలిన భుజం నుంచి నెత్తురు వేళ్ళ దాకా కారుతోంది, అతను తుడుచుకోలేదు.

"అక్కడ మా నాయన ఒక్కడే ఉన్నాడు," అన్నాడు.

"ద్వీపంలో మా అన్న కూడా ఒక్కడే ఉన్నాడు." కేతకి కాళ్ళ దగ్గరున్న తెడ్డు తీసి అతని ఒళ్ళోకి విసిరింది. "ఏడవాలనుంటే ఏడువు. తెడ్డు వేస్తూ ఏడువు."

అతను కూర్చుని తెడ్డు నీళ్ళలో ముంచాడు.